ఇతరుల రొమ్ము విన్న వైద్యుడు

ఆసుపత్రిలో నర్సు పనికి కుదిరిన మన బిడ్డలను మొట్టమొదట రొమ్ము ఎక్స్‌రే తీయించుకొని రమ్మనుట కలదు. కొన్నిచోట్ల ముంజేతికి ట్యూబర్క్యులిన్ సూది వేసి, రెండు మూడు దినములైన పిమ్మట ఆ పొంగును కొలుచుటయు కలదు. విదేశములకు వెళ్లు నర్సులకు ఇట్టి పరీక్ష సాధారణముగా తప్పదు. తలిదండ్రులలో కొందరు దీనిని అవమానముగా ఎంచుదురు. రోగులకు సేవ చేయబోవు పిల్లను రోగినివలె చూచుట ఏమి న్యాయమని వారి బాధ. వారికొరకే మేము ఈ నెల రెనే లేనెక్ అను వైద్యుని జీవితము చెప్పదలచితిమి.

ఆయన 1781లో ఫ్రాన్సు దేశమున బ్రిటనీ సీమలోని కెంపేర్ పట్టణమున పుట్టెను. అయిదేండ్ల ప్రాయమున తల్లి చనిపోయెను. ఆమెను తీసికొనిపోయినది క్షయయే యని పలువురు తలంతురు. నాంత్ పట్టణములో వైద్యుడైన పినతండ్రి గియోమ్ ఆ పిల్లవానిని పెంచి, పదునాలుగేండ్లకే ఆసుపత్రి పనిలో పెట్టెను. 1801లో లేనెక్ పారిస్ చేరెను. మనిషి పొట్టి, బక్కపలుచన. ఆయాసము తరచుగా వచ్చుచుండెడిది. వేణువు ఊదుట మాత్రము మానలేదు. తమ్ముడు 1810లో క్షయతో పోయెను. ప్రాణస్నేహితుడైన బేయిల్, క్షయరోగమును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసినవాడు, 1816లో ఆ రోగముతోనే పోయెను.

ఆ 1816లోనే లేనెక్ నెకేర్ ఆసుపత్రిలో వైద్యుడాయెను. గుండెజబ్బుతో ఒక స్థూలకాయురాలైన పడుచు ఆయనయొద్దకు వచ్చినది. ఆ దినములలో రోగి రొమ్ముమీద చెవి ఆనించి వినుట కలదు గాని, ఈమె విషయములో అది మర్యాదగా తోచలేదు. అప్పుడు ఆయన కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొనను ఆమె రొమ్మున, రెండవ కొనను తన చెవిని ఉంచెను. ఊరక చెవి ఆనించినప్పటికంటె శబ్దము స్పష్టముగా వినబడెను. తరువాత అడుగు పొడవుగల కొయ్యగొట్టములను తరిమెనమీద తానే త్రిప్పి చేసికొనెను. మన డాక్టర్లు మెడలో వేసికొను స్టెతస్కోపునకు ఇదే మొదలు. జీవించియున్నప్పుడు విన్న శబ్దమును, చనిపోయిన పిమ్మట దేహమును కోసి చూచిన ఊపిరితిత్తితో సరిచూచి, 1819లో రెండు సంపుటముల గ్రంథము వెలువరించెను.

ఇన్ని రొమ్ములు విన్న ఆ మహనీయుడు ఒక విషయములో పొరబడెను. క్షయ తన దేశములో అంటురోగమని ఆయన నమ్మలేదు. ఆయన పదేండ్లు వైద్యము చేసిన ఒక కన్యకల మఠములో సభ్యులందరు రెండు మూడు మారులు చనిపోగా, మరల మరల క్రొత్తవారు చేరిరి. మిగిలినవారు పెద్దమ్మగారును, ద్వారము కాయునామెయు, తోటలో, వంటయింట, రోగులగదిలో పని చేయువారునే. కఠిన నియమములవలని దుఃఖమే దీనికి కారణమని ఆయన తీర్మానించెను. గాలి చొరని గదులలో కూడి బ్రదికినవారికి ఒకరి దగ్గువలన మరియొకరికి సోకియుండునని నేటి వైద్యులకు తోచును. రోగుల గదిలోనివారు ఎట్లు మిగిలిరన్నది మాకును వింతయే.

ఒకమారు ఆయన క్షయ సోకిన వెన్నుపూసను రంపముతో కోయుచుండగా ఎడమచేతి చూపుడువ్రేలు గీచుకొనెను. అక్కడ చిన్న కణితి లేచెను. మందు పెట్టగా మానెను. ఏండ్లు గడచినను కీడు కలుగలేదని తన గ్రంథములోనే వ్రాసికొనెను. తన చుట్టునున్నవారు వరుసగా రాలుచుండగా, తనకు దగ్గు వచ్చినప్పుడు అది మరేదో యనుకొనెను.

రోగమునకు మూలమైన క్రిమిని రాబర్ట్ కోఖ్ 1882లో చూపెను. అయినను ఆసుపత్రులవారికి కనువిప్పు కలుగుటకు ఇంకను ఆలస్యమాయెను. 1924 మొదలు ఓస్లో నగరములో హైమ్బెక్ అను వైద్యుడు నర్సు విద్యార్థినులకు చేరిన నాడే సూది పరీక్ష చేసెను. ఇంచుమించు సగముమందికి క్రిమి సోకిన గురుతే లేదు. చదువు ముగియునాటికి దాదాపు అందరికిని సోకెను. జబ్బుపడినవారిలో ఎక్కువమంది మొదట గురుతు లేనివారే. తలిదండ్రులారా, మొదటి పరీక్ష ఇందుకే. అది లేనియెడల రోగము పిల్ల ఇంటినుండి తెచ్చినదో, వార్డులో అంటినదో ఎవరు చెప్పగలరు? పరీక్షలో గురుతు కనబడినంత మాత్రమున జబ్బు అని కాదు. క్రిమి లోపల నిద్రించుచుండవచ్చును, దానిని అణచు మందులును కలవు. అమెరికాలో 2019లో సవరించిన సూచనలు చేరునప్పుడు అందరిని పరీక్షింపుమనుచున్నవి. తరువాత రోగితో సంపర్కము కలిగినప్పుడే గాని, ఏటేట అందరికి పరీక్ష అక్కరలేదనియు చెప్పుచున్నవి.

లేనెక్ 1824లో వివాహము చేసికొనెను. తన గ్రంథమును దిద్ది 1826లో రెండవ కూర్పు ముగించునాటికి జ్వరము, దగ్గు, ఆయాసము ఆయనను క్రుంగదీసెను. తన బంధువు, శిష్యుడునైన మేరియాదెక్‌ను పిలిచి, తాను చేసిన గొట్టముతోనే తన రొమ్ము విని, విన్నది చెప్పమనెను. ఆ పడుచువాడు చెప్పిన శబ్దములు ఏ రోగమువో ఆయనకంటె బాగుగా ఎరిగినవారు లోకమున లేరు.

పారిస్ విడిచి బ్రిటనీలో కెర్లువానెక్ అను తన యింటికి ఆయన వెళ్లిపోయెను. 1826 ఆగస్టు 13న, నలుబది అయిదేండ్ల ప్రాయమున, తన వ్రేళ్ల ఉంగరములను ఒక్కొక్కటిగా తానే తీసివైచెనని చెప్పుదురు. ఆ దుఃఖకరమైన పని ఇతరులకు పడకూడదని ఆయన తలంపు. ఆ దినమే కన్నుమూసెను. తన గొట్టమును మేరియాదెక్‌కు వ్రాసి యిచ్చియుండెను.