కోర్టు విడిచి రైతు వకాల్తా పట్టిన ప్రకాశం పంతులు

నందివెలుగు: మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఉన్న కాలమంతా కలిపి లెక్క వేసినా టంగుటూరి ప్రకాశం పంతులుగారు అధికారంలో ఉన్నది నాలుగేళ్ళ పైచిలుకే. ఆయన బ్రతికినది 84 ఏళ్ళు. ఆ కొద్దికాలంలో ఆయన పూనుకున్న పనుల్లో ఒకటి నేటికీ ఏటా మన సార్వా సాగుకు నీళ్ళందిస్తున్నది. అయినా మన పల్లెల్లో ఆయన పేరు చెప్పగానే తుపాకీకి రొమ్ము చూపిన సంగతి తప్ప, మంత్రిగా ఆయన చేసిన పని గుర్తుకు తెచ్చుకునేవారు తక్కువ.

ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు కుర్రవాని చురుకుదనం చూచి రాజమండ్రి తీసుకువెళ్ళారు. అక్కడ చదువుతో పాటు నాటకాల వేషాలు, వీధి తగాదాలు కూడా నడిచాయి. చిలకమర్తివారి నాటకాల్లో ప్రకాశంగారు వేషం కట్టారంటే జనం విరగబడి వచ్చేవారట.

రాజమండ్రిలో ప్లీడరుగా బాగా పేరు తెచ్చుకున్నారు. మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. కాని సెకండు గ్రేడు ప్లీడరుకు పెద్ద కోర్టుల్లో వాదించే హక్కు లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి 1904లో లండను వెళ్ళి, బారిస్టరై తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. లక్షలు గడించారు. మన ప్రాంతపు వ్యాజ్యాలు కూడా అప్పీలుకు మద్రాసుకే పోయే రోజులవి.

1921లో గాంధీజీ పిలుపు విని అంత ప్రాక్టీసునూ వదలివేశారు. అదే ఏడాది 'స్వరాజ్య' పత్రిక పెట్టి, గడించిన ఆస్తి అంతా దానిలో పోశారు. పత్రిక నిలవలేదు, ఆస్తీ మిగలలేదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోగా, ఆ శవాన్ని చూడడానికి పంతులుగారు ముందుకు నడిచారు. అడ్డగించిన తుపాకుల ఎదుట చొక్కా విప్పి నిలబడ్డారు. ఆ చోటు ఒకప్పుడు ఆయన వాదించిన హైకోర్టుకు దగ్గరలోనే. ఆంధ్రకేసరి అన్న పేరు అందరి నోటా నిలిచింది.

1937 జూలైలో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవిన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల కష్టాలు విచారించడానికి వేసిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఇక్కడే ప్లీడరు పని మళ్ళీ అక్కరకు వచ్చింది. జిల్లాలు తిరిగి రైతులను, జమీందార్లను విచారించారు. పాత దస్తావేజులు తిరగవేశారు. 1802 నాటి శాశ్వత పరిష్కారంలో జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషు మారకుండా స్థిరపడింది. రైతు జమీందారుకు కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. భూమికి యజమాని రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమేననీ, శిస్తు 1802 నాటి మట్టానికి దిగాలనీ సంఘం 1938లో తేల్చింది. మన వైపు చాలా ఊళ్ళు రైత్వారీలో ఉండేవి కనుక ఆ బాధ ఇక్కడ అంతగా తెలియదు. వెంకటగిరి వంటి ఎస్టేట్లలో రైతుకు మాత్రం ఇది ప్రాణం లేచివచ్చిన మాట. చట్టం కాకముందే యుద్ధం వచ్చి 1939 అక్టోబరులో మంత్రివర్గం దిగిపోయింది. జమీందారీ రద్దు చట్టం 1948లో గాని రాలేదు. అప్పటికి పంతులుగారు మంత్రి పదవిలో లేరు.

1946 ఏప్రిల్‌లో ఆయన మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు. ఖద్దరు బాగుపడాలని కొత్త మిల్లు కదుళ్ళకు అడ్డం పడ్డారు. ఆశయం మంచిదే కాని, సొంత పార్టీ వారినే ఒప్పించలేకపోయారు. కోర్టులో జడ్జీలను ఒప్పించిన మనిషికి పార్టీ వారిని కలుపుకుపోయే ఓపిక చాలలేదనే చెప్పాలి. పదకొండు నెలలకే దిగవలసి వచ్చింది. తరువాత కాంగ్రెసు విడిచి వేరు పార్టీ పెట్టారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కాంగ్రెసు మద్దతుతో తొలి ముఖ్యమంత్రి ఆయనే. వయసు 81. రాజధాని కర్నూలుకు పోయినా హైకోర్టు 1954లో గుంటూరుకు వచ్చింది. తెనాలి, బాపట్ల కక్షిదారులకు మద్రాసు రైలు ఖర్చు తప్పింది. 1956లో ఆ కోర్టు హైదరాబాదు తరలిపోయింది, అది వేరే సంగతి.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది బెజవాడ ఆనకట్ట. 1855 నాటికి పూర్తయిన ఆ పాత కట్టకు 1952లో గండి పడింది. కట్ట పోతే దుగ్గిరాల మీదుగా వచ్చే నీరు లేదు; నీరు లేకపోతే తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులకు వరి లేదు. 1954 ఫిబ్రవరిలో, పంతులుగారి హయాంలోనే, కొత్త బ్యారేజీ పని మొదలైంది. పొడవు 1,223 మీటర్ల పైన. దానిమీదే సీతానగరం వైపునుంచి బెజవాడకు రోడ్డు కూడా వేశారు.

ఆ పని సగంలో ఉండగానే ప్రభుత్వం పడిపోయింది. మద్యనిషేధం వల్ల గీత పనివారికి బ్రతుకుతెరువు పోయిందని గొడవ వచ్చింది. మన రేపల్లె వైపు కూడా తాటిచెట్టును నమ్ముకున్న కుటుంబాలు ఎన్నో ఉండేవి. నిషేధం ఎత్తివేయమన్న సలహాను పంతులుగారు వినలేదు. 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు.

1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడల పర్యటనలో ఉండగా వడదెబ్బ తగిలింది. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. లక్షలు గడించిన ఆ బారిస్టరు వెనక ఆస్తి అన్నది లేదు. ఏడు నెలలకు, డిసెంబరులో బ్యారేజీ పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. 1972లో ఒంగోలు జిల్లాకు కూడా ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు.