గీటురాయికి పరీక్ష

బంగారం వన్నెను తేల్చేది గీటురాయి. ఆ రాయి మంచిదో కాదో తెలియకుండా ఏ కంసాలీ నగకు వెల కట్టడు. ప్రశ్నలతో మనిషి మనస్తత్వాన్ని అంచనా వేసే విద్యలో ఈ జాగ్రత్తను తొలినాళ్లలోనే పాటించినవాడు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ సెషన్స్ వుడ్‌వర్త్.

ఆయన 1869లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బెల్చర్‌టౌన్‌లో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కొంతకాలం గణితం బోధించిన వుడ్‌వర్త్ విలియం జేమ్స్ రచనల ప్రభావంతో మనస్తత్వ శాస్త్రం వైపు మళ్లి, 1899లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. 1904లో సెయింట్ లూయిస్ నగరపు ప్రపంచ ప్రదర్శనకు వచ్చిన నానాజాతుల వారిని పరీక్షించే పని ఆయనకు అప్పగించారు. జాతుల మధ్య ఎక్కువతక్కువలు చాటడం పరిపాటిగా ఉన్న ఆ రోజుల్లో, తన కొలతలు అటువంటి తీర్పుకు చాలవని ఆయన 1910లో ప్రకటించాడు. సామాన్యమైన నిగ్రహం కాదది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. అప్పటికే ఐరోపా రణరంగంలో, ఒంటిపై గాయమైనా లేని సైనికులు ఎందరో ఫిరంగుల మోతకు మాట పడిపోయి, వణుకు పుట్టి ఆసుపత్రుల పాలవుతున్నారు. ఈ స్థితికే షెల్ షాక్ అని పేరు. దీనికి లోనయ్యే అవకాశమున్నవారిని ముందుగానే గుర్తించే సాధనం కావలసివచ్చింది. లక్షలాది యువకులతో వైద్యుడు విడివిడిగా మాట్లాడడం అసాధ్యం. వుడ్‌వర్త్ రోగుల చరిత్రలు తిరగేసి, వారిలో కనిపించిన లక్షణాలను అవును, కాదు అని బదులివ్వదగిన ప్రశ్నలుగా మలిచాడు. నిద్ర బాగా పడుతుందా, బాల్యం సుఖంగా గడిచిందా, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా వంటివి అవి.

ప్రశ్నలు కూర్చడం సులభం. వాటిని నమ్మవచ్చునా అన్నదే చిక్కు. అందుకే ఆయన వాటిని ఆరోగ్యవంతుల ముందూ ఉంచాడు. వారిలో నూటికి ఇరవై ఐదుగురికి మించి రోగి ఇచ్చే జవాబే ఇస్తే, ఎంత సముచితంగా తోచినా ఆ ప్రశ్నను కొట్టివేశాడు. చివరకు 116 ప్రశ్నలు నిలిచాయి. ఆ పత్రాన్ని విస్తృతంగా వాడకమునుపే 1918 నవంబరులో యుద్ధం ముగిసింది. జబ్బుపడినవారిని ఆరోగ్యవంతుల నుండి వేరుపరచడం ఒక ఎత్తు; రేపు ఎవరు జబ్బుపడతారో నేడే చెప్పగలగడం మరొక ఎత్తు. ఆ రెండవ పరీక్షకు పత్రం నిలిచేదో లేదో రణరంగంలో తేలనేలేదు. పైగా, సైన్యం నుండి తప్పించుకోగోరేవాడో, ఎలాగైనా చేరగోరేవాడో అబద్ధమాడితే పట్టుకొనే ఉపాయం అందులో లేదు. 1943లో వెలువడిన మిన్నెసోటా ప్రశ్నావళిలో హాథవే, మెకిన్లీలు అబద్ధాన్ని పసిగట్టే ప్రశ్నలను ప్రత్యేకంగా చేర్చారు.

వుడ్‌వర్త్ మాత్రం ప్రయోగశాలకూ తరగతి గదికీ తిరిగివెళ్లాడు. 1938లో ఆయన వెలువరించిన ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్ర గ్రంథం విద్యార్థులకు చిరకాలం ప్రామాణికమైంది. ఎనభై ఏళ్లు దాటినా రచన మానలేదు. 1962 జులై 4న న్యూయార్క్‌లో కన్నుమూశాడు.