శత్రువు పాటను అడిగిన అధ్యక్షుడు

ధ్యానభాగము: 2 సమూయేలు 1:17–27



సౌలు రాజు దావీదును చంపవలెనని అడవులలోను గుహలలోను తరిమెను. అట్టి సౌలు గిల్బోవ కొండమీద కూలెనని వినినప్పుడు దావీదు సంతోషింపలేదు. బట్టలు చింపుకొని యేడ్చెను. ఒక విలాపగీతము కట్టి, దానిని యూదావారికి నేర్పవలెనని ఆజ్ఞాపించెను. తన ప్రాణము తీయజూచినవానికొరకు పాడిన పాట అది.

ఈ భాగము చదివినప్పుడు అమెరికా దేశపు 16వ అధ్యక్షుడైన అబ్రాహాము లింకను జ్ఞాపకమునకు వచ్చును. ఆయన మరణమును గూర్చి ఆ దేశములో ఎన్నో విలాపగీతములు పుట్టినవి. అయితే ఆయన తన చివరి వారములో తానే అడిగి వినిన పాట ఒకటి కలదు. ఆ పాట సంగతియే నేడు మనము తలపోయవలసినది.

లింకను 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రములో, దుంగలతో కట్టిన ఒంటిగది యింటిలో పుట్టెను. తండ్రి సేద్యమును వడ్రంగమును చేయువాడు. లింకనుకు తొమ్మిదేండ్లప్పుడు తల్లి నాన్సీ చనిపోయెను. తరువాత వచ్చిన మారుతల్లి సారా ఆ పిల్లలను కన్నబిడ్డలవలె సాకెను. ఆయన బడికి పోయిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము నిండదు. పగలు గొడ్డలి పట్టి చెట్లు కొట్టుచు, తీరిక దొరికినప్పుడు ఒకరినడిగి తెచ్చుకొనిన పుస్తకములు చదువుచు పెరిగెను. యౌవనములో దుకాణము పెట్టి అప్పులపాలయ్యెను. ఆ అప్పును అనేక సంవత్సరములు కష్టపడి తీర్చెను. 1836లో న్యాయవాదిగా పట్టా పొందెను. 1860 నవంబరులో దేశాధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను.

ఆ కాలములో రేడియో లేదు, గ్రామఫోను లేదు. ఒక పాట ఊరూర ప్రాకవలెనన్న అచ్చు కాగితమే దానికి వాహనము. స్వరములును మాటలును కలిపి అచ్చువేసి, పైపుటమీద బొమ్మ వేసి దుకాణములలో అమ్ముచుండిరి. జనులు వాటిని కొని, యింట పియానో దగ్గరనో, మన దేవాలయములలో కొన్నిట కానవచ్చు కాలితో తొక్కు హార్మోనియమువంటి వాద్యము దగ్గరనో కుటుంబముగా కూర్చుండి పాడుకొనిరి. ఎన్నికలు వచ్చిన ఎన్నికల పాట, యుద్ధము వచ్చిన యుద్ధపు పాట, ఎవరైన గొప్పవారు చనిపోయిన విలాపపు పాట, ఆలస్యము లేకుండ అచ్చుపడుచుండెను. లింకను పేరుతోను ఎన్నికల నాటినుండియే పాటలు వెలువడెను.

అప్పుడు ఆ దేశములో సుమారు 40 లక్షలమంది నల్లవారు బానిసలుగా ఉండిరి. సంతలో పశువులను అమ్మినట్లు తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్ముచుండిరి. బానిసత్వము క్రొత్త ప్రాంతములకు వ్యాపింపరాదని పట్టుపట్టిన లింకను గెలుపును దక్షిణ రాష్ట్రములు ఓర్వక విడిపోయెను. 1861 ఏప్రిల్ 12న అంతర్యుద్ధము మొదలయ్యెను. ఆరు లక్షలకు పైగా మనుష్యులు ఆ యుద్ధములో చనిపోయిరి. రెండు పక్షములవారును ఒకే బైబిలు చదివిరి, ఒకే దేవునికి ప్రార్థన చేసిరి, ఒకరిమీద ఒకరు పాటలు కట్టుకొనిరి.

1862 ఫిబ్రవరి 20న, లింకను పదునొకండేండ్ల కుమారుడు విల్లీ జ్వరముతో శ్వేతభవనములో చనిపోయెను. ఆ దుఃఖము ఆరకముందే, జూలైలో ఆయన మూడు లక్షలమంది సైనికులు కావలెనని దేశమును పిలువవలసివచ్చెను. అప్పుడు గిబ్బన్సు అను క్వేకరు విశ్వాసి, లింకనును తండ్రియైన అబ్రాహామని పిలుచుచు, మేము వచ్చుచున్నామని పద్యము వ్రాసెను. అనేకులు దానికి రాగములు కట్టిరి. మరుసటి సంవత్సరము, నిర్బంధముగా సైన్యములో చేర్చు చట్టము వచ్చెను. 300 డాలర్లు కట్టగలవాడు తప్పించుకొనవచ్చును. బీదవాడు పోయి చావవలెను. అప్పుడు అదే పాటను వెక్కిరింతగా మార్చి పాడిరి. తండ్రి అని పిలిచిన నోళ్లే ఎగతాళి చేసినవి. లింకను రెంటిని భరించెను.

1862 డిసెంబరు 31 రాత్రి నల్లవారైన క్రైస్తవులు అనేక చోట్ల దేవాలయములలో కూడి, ప్రార్థించుచు, పాడుచు, తెల్లవారుటకు కనిపెట్టుచుండిరి. 1863 జనవరి 1న తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని లింకను ప్రకటన చేసెను. దేశమంతట బానిసత్వమును కొట్టివేయు రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో స్థిరపడెను. అది చూచుటకు ఆయన బ్రదికిలేడు.

1865 ఏప్రిల్ 9న దక్షిణపు సేనాధిపతి లీ లోబడెను. మరునాడు జనులు బ్యాండు మేళముతో శ్వేతభవనమునకు వచ్చి లింకనును మాటలాడమనిరి. ఆయన గెలుపును గూర్చి గొప్పలు చెప్పలేదు. డిక్సీ అను పాట వాయించుడని మేళమువారినడిగెను. అది దక్షిణపువారి పాట. వారి నాయకుడు డేవిసు పదవి స్వీకరించిన దినమున వాయించిన పాట. నాలుగు సంవత్సరములు ఆ పాట పాడుచునే వారు ఉత్తరపు పిల్లలను చంపిరి. లింకనుకు ఆ రాగమనిన ఇష్టము. ఇప్పుడది మనకును చెందినదని నవ్వుచు చెప్పి దానిని వాయింపించెను. ఓడినవారు మరల సహోదరులైరని దానికి అర్థము.

అయితే ఒక సంగతి గమనింపుడి. తెల్లవారు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించు ఆటలలో పుట్టిన పాట అది. ఆ పాటను అడిగినంతమాత్రమున లింకను బానిసల పక్షము విడువలేదు. మరునాడే, అనగా 11వ తేదీన, శ్వేతభవనపు కిటికీ యొద్ద నిలిచి, చదువుకొనిన నల్లవారికిని, సైన్యములో పోరాడిన నల్లవారికిని ఓటు హక్కు ఉండవలెనని చెప్పెను. ఆ గుంపులో బూతు అను నటుడు నిలిచి ఆ మాట విని మండిపడెను. 14వ తేదీ, మంచి శుక్రవారపు రాత్రి, నాటకశాలలో అతడు లింకనును వెనుకనుండి కాల్చెను. మరునాటి ఉదయము 7 గంటల 22 నిమిషములకు ఆయన ప్రాణము విడిచెను.

ఆ ఈస్టరు ఆదివారమున దేవాలయములకు నల్లబట్టలు కట్టిరి. కొందరు బోధకులు దక్షిణపువారిమీద పగ తీర్చుకొనవలెనని బోధించిరి. ఇటు అచ్చుయంత్రములకు నిద్రలేదు. పైపుటమీద లింకను బొమ్మయు చుట్టు నల్లని అంచును వేసి, విలాపగీతములును శవయాత్ర రాగములును ఒకదానివెంట ఒకటి వెలువడెను. చికాగో నగరములో జార్జి రూటు అను సంగీతజ్ఞుడు తండ్రికి వీడ్కోలు చెప్పు పాట కట్టెను. లింకను శవమును మోసిన రైలు ఏప్రిల్ 21న బయలుదేరి, ఊరూర ఆగుచు, మే 3న స్ప్రింగుఫీల్డు చేరెను. విల్లీ శవపేటికయు తండ్రితోకూడ ఆ రైలులోనే పోయెను. ఆయనను గూర్చిన పాటల పత్రములు 200కు పైగా నేటికిని వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయములో భద్రముగా ఉన్నవి.

ఆ విలాపములు పాడినవారిలో నిన్నటి దినమున ఆయనను ఎగతాళి చేసినవారును ఉండిరి. చంపబడిన ప్రవక్తలకు సమాధులు కట్టువారిని గూర్చి మన ప్రభువు హెచ్చరించెను గదా (మత్తయి 23:29). చనిపోయినవారికొరకు పాడుట సులభము. బ్రదికియున్నవారితో కలిసి పాడుటయే కష్టము. మంచి శుక్రవారమున కాల్చబడెను గనుక లింకనును క్రీస్తుతో పోల్చినవారును కలరు. మనము అట్లు పోల్చరాదు. ఆయన మనవంటి మనుష్యుడే. శత్రువులమైయుండగానే మనలను తన మరణముచేత సమాధానపరచినవాడు ఒక్కడే (రోమా 5:10).

పైని చెప్పిన రూటు 1864లో, శత్రువుల చెరలోనున్న సైనికుని గూర్చి ఒక పాట వ్రాసెను. యుద్ధము ముగిసిన తరువాత ఆ రాగమునకు వేరొకరు క్రొత్త మాటలు కూర్చిరి. యేసు అన్ని రంగుల చిన్నబిడ్డలను ప్రేమించుచున్నాడను పాట అది. నేడు అనేక దేశముల సండేస్కూళ్లలో పిల్లలు ఆ యుద్ధపు రాగములోనే ఆ ప్రేమను పాడుచున్నారు.

ప్రియులారా, మన సంఘములను చూడుడి. పొలము గట్టు తగాదా, ఊరి ఎన్నికల కక్ష, సంఘ పెద్దరికము – వీటివలన రెండు పక్షములైతిమి. ఒకే చాపమీద కూర్చుండము. అవతలి పక్షమువారు కీర్తన ఎత్తినయెడల గొంతు కలుపము, పుస్తకము మూసికొని తల వంచుకొందుము. గెలిచినవాడే ముందు అడుగు వేయవలెనని లింకను నేర్పుచున్నాడు. వచ్చు ఆదివారమున నీతో మాటలాడని సహోదరుని ఒక కీర్తన ఎత్తుమని నీవే అడుగుము. అతనితోకూడ పాడుము. అయితే సమాధానము పేరిట బలహీనుని న్యాయమును అమ్మివేయకుము. గట్టు జరిపినవాడవు నీవైతివా, ముందు గట్టును సరిచేసి తరువాత పాటకు రమ్ము.

ప్రార్థన: ప్రభువా, మా శత్రువుల మరణమున కాదు, వారు బ్రదికియుండగానే వారిని ప్రేమించు హృదయము మాకిమ్ము. న్యాయము చేయు ధైర్యమును దయచేయుము. ఆమేన్.