బ్యాటు పట్టే వంతు రాని ఆటగాడు

అమెరికా ప్రజలకు బేస్‌బాల్ మీద ఉన్న మక్కువ మనకు క్రికెట్ మీద ఉన్న మక్కువ వంటిది. అక్కడ మహానగరాల జట్లు తలపడే పోటీలను మేజర్ లీగ్ అనీ, చిన్న పట్టణాల జట్ల పోటీలను మైనర్ లీగ్ అనీ అంటారు. మైనర్ లీగ్‌లో బ్యాటుతో రాణించి, మేజర్ లీగ్‌లో ఒకే ఒక్క ఆట ఆడిన ఆర్చిబాల్డ్ గ్రాహం జీవితం విలక్షణమైనది. ‘మూన్‌లైట్’ గ్రాహం అన్న పేరుతో ఆయన ప్రసిద్ధులు.

1870వ దశకం ద్వితీయార్ధంలో ఉత్తర కరోలినాలోని ఫెయట్‌విల్‌లో గ్రాహం జన్మించారు. ఆయన తమ్ముడు ఫ్రాంక్ గ్రాహం 1951లో కాశ్మీర్ సమస్యపై భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఐక్యరాజ్యసమితి ప్రతినిధిగా నియమితులయ్యారు. అన్నగారు ఒకవైపు మైనర్ లీగ్‌లో ఆడుతూనే మరొకవైపు వైద్యవిద్య అభ్యసించి, 1905లో పట్టా పొందారు.

అదే ఏడాది ఆయనకు న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చోటు లభించింది. జూన్ 29న బ్రూక్లిన్‌లో జరిగిన ఆటలో, చివరి ఘట్టంలో ఆయనను మైదానంలోకి పంపారు. ఫీల్డింగ్‌లో బంతి ఆయన వైపు రాలేదు. బ్యాటు పట్టే వంతు రాబోతుండగా, ముందున్న ఆటగాడు అవుట్ కావడంతో జట్టు ఇన్నింగ్స్ ముగిసింది. ఆ తరువాత మేజర్ లీగ్‌లో మరో అవకాశం ఆయనకు దక్కలేదు.

నిరాశ చెందక గ్రాహం మైనర్ లీగ్‌కు మరలి వెళ్లారు. 1906లో స్క్రాంటన్ జట్టు తరఫున .336 సగటు సాధించారు. అనగా బ్యాటు పట్టిన ప్రతి మూడు సార్లలో ఒకసారి సఫలులైనట్లు. బేస్‌బాల్‌లో అది ఉత్తమ ప్రతిభ. అయినను 1908తో ఆటకు స్వస్తి చెప్పి, వైద్యవృత్తినే జీవితంగా ఎంచుకున్నారు.

1909లో ఆయన మిన్నెసోటాలోని చిజమ్ పట్టణం చేరుకున్నారు. ఇనుప ఖనిజపు గనులున్న ఆ ఊరు అంతకు ముందు సంవత్సరమే అగ్నికి ఆహుతైంది. ఫిన్లాండ్, ఇటలీ, స్లొవేనియా ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కార్మికుల పిల్లలు, ఇంటిలో తలకొక భాష మాట్లాడేవారు, అక్కడ ఒకే బడిలో చదువుకునేవారు. ఆ బడులకు నలభై ఏళ్లకు పైగా గ్రాహం వైద్యులుగా సేవలందించారు. కళ్లద్దాలు కొనుక్కోలేని పిల్లలకు తామే సమకూర్చారు. ఏళ్ల తరబడి విద్యార్థుల రక్తపోటును కొలిచి నమోదు చేశారు. ఆ వివరాల ఆధారంగా మేయో క్లినిక్ వైద్యులతో కలిసి వెలువరించిన పరిశోధన వ్యాసం 1945లో వైద్యపత్రికలో ప్రచురితమైంది.

1965 ఆగస్టు 25న గ్రాహం కన్నుమూశారు. రికార్డుల గ్రంథంలో ఒక్క ఆట మాత్రమే ఉన్న ఆ పేరు చూసి ఆశ్చర్యపడిన రచయిత కిన్‌సెల్లా, 1982లో తన నవలలో ఆయనను పాత్రగా మలిచారు. ఆ నవల ఆధారంగా 1989లో వచ్చిన ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ చలనచిత్రం ఆయన పేరును దేశదేశాలకు చేర్చింది. లోకం ఆయనను చేజారిన ఒక్క అవకాశంతో గుర్తుంచుకుంటే, చిజమ్ వాసులు మాత్రం తమ బిడ్డలను కాచిన డాక్టరుగా తలచుకుంటారు.