వట్టిచేతుల గురువు - గిచిన్ ఫునాకోషి

కరాటే అనగానే ఇటుకలు పగలగొట్టడం, ఎగిరి తన్నడం మనకు గుర్తుకు వస్తాయి. కాని ఆ విద్యను లోకానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడైన గిచిన్ ఫునాకోషి దానిని తనను తాను జయించే సాధనగా భావించాడు.

ఫునాకోషి 1868లో ఒకినావా ద్వీపంలోని షురి పట్టణంలో జన్మించాడు. అప్పుడు షురి ర్యూక్యూ రాజ్యానికి రాజధాని. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని తనలో కలుపుకొన్నది. నెలలు నిండకుండా పుట్టిన ఫునాకోషి చిన్నతనంలో తరచు జబ్బుపడేవాడు. బడిలో తన తోటి విద్యార్థి తండ్రియైన అజాటో వద్ద కరాటే శిష్యుడుగా చేరాడు. ఆ రోజులలో కరాటేను బహిరంగంగా నేర్పేవారు కారు. రాత్రివేళ గురువు ఇంటి వద్ద సాధన సాగేది.

కరాటేకు ప్రాణం కటా. ఎదుట ప్రత్యర్థి ఉన్నట్లు ఊహించుకొని, అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాలు ఒక నిర్ణీత క్రమంలో చేసే అభ్యాసమే కటా. ఒక కటా చూసి గురువు తృప్తిపడేవరకు మరొకటి నేర్పేవాడు కాదు. అజాటో మిత్రుడు ఇటోసు కూడా ఫునాకోషికి గురువే. గుర్రంపై కూర్చున్నట్లు కాళ్లు ఎడంగా ఉంచి, పక్కలకు కదులుతూ చేసే నైహంచి కటాలు మూడింటికే పదేళ్లు పట్టింది. ఆ సాధనలో ఆరోగ్యం కుదుటపడింది, ఓర్పు అలవడింది. 1888లో ఆయన బడిపంతులు అయ్యాడు.

ఒకరోజు ఆయన పితృదేవతలకు సమర్పించడానికి మిఠాయి పొట్లం తీసుకొని వెళుతుండగా ఇద్దరు దుండగులు అడ్డగించారు. వారిని పడగొట్టడం ఆయనకు కష్టం కాదు. అయినా పొట్లం వారికే ఇచ్చి, వట్టిచేతులతో వెళ్లి, మనసారా ప్రార్థించి వచ్చాడు. ఈ సంగతి విన్న గురువులు మందలించలేదు. శిష్యునికి కరాటే ఇప్పుడు అర్థమైందని సంతోషించారు.

1922లో టోక్యోలో జరిగిన వ్యాయామ ప్రదర్శనకు ఫునాకోషి వెళ్లాడు. జూడో స్థాపకుడు జిగోరో కానో కోరికపై అక్కడ కూడా కరాటే చూపాడు. ఇక టోక్యోలోనే ఉండిపోయాడు. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో గదులు ఊడుస్తూ, తోటపని చేస్తూ కరాటే నేర్పాడు. ఒకసారి ఆయన తోట ఊడుస్తుండగా వచ్చిన విలేకరి, ఫునాకోషి ఎక్కడ అని ఆయననే అడిగాడు. ఆయన లోపలికి వెళ్లి, బట్టలు మార్చుకొని వచ్చి, తానే ఫునాకోషినని చెప్పాడు.

పూర్వం కరాటే అనే పేరును చైనా చేయి అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. దానిని వట్టి చేయి అనే అర్థం వచ్చేలా రాయడాన్ని ఆయన ప్రచారం చేశాడు. చేతిలో ఆయుధం లేకపోవడమే కాదు, మనసులో స్వార్థం, అహంకారం లేకపోవడం కూడా అందులోని భావం. ఇటోసు కూర్చిన పినాన్ అనే ఐదు కటాలకు ఆయన శాంతి అనే అర్థం వచ్చే హెయాన్ అని పేరు పెట్టాడు.

శిష్యులు ఆయన కోసం షోటోకాన్ అనే శిక్షణశాలను కట్టించారు. 1945లో బాంబుదాడిలో అది కాలిపోయింది. అదే సంవత్సరం కుమారుడు గిగో, 1947లో భార్య మరణించారు. అంతటి దుఃఖంలోనూ ఆయన బోధన మానలేదు. 1957 ఏప్రిల్ 26న కన్నుమూశాడు.

1968లో కామకురాలోని ఒక ఆలయ ఆవరణలో ఆయన స్మారకశిల నిలిపారు. కరాటేలో మొదటి దెబ్బకు చోటు లేదన్న ఆయన బోధ దానిపై చెక్కి ఉంది. కొట్టగల శక్తి ఉండీ చేయి ఎత్తకపోవడమే ఆయన నేర్పిన విద్య.