గాయపడిన అభిమానము – గుఱ్ఱం జాషువ కవి జీవితము



మన సంఘములలోని పెద్దలకు గుఱ్ఱం జాషువ గారి పేరు కొత్తది కాదు. హరిశ్చంద్ర నాటకములో కాటిసీను పద్యములు విన్నవారందరూ ఆయన కవిత్వమును విన్నవారే. అయితే తమిళమో, కన్నడమో, ఒడియావో, మరాఠీయో బడిలో చదువుకొంటూ పెరుగుతున్న మన పిల్లలలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు. అందుచేత ఆయన జీవితమును, ముఖ్యముగా ఆయన యౌవనమును, ఇక్కడ చెప్పదలచాము. నలుగురిలో అవమానము పొందిన కుర్రవాడు ఆ అవమానమును ఏమి చేసికోవాలి? ఈ ప్రశ్న మన ప్రతి ఇంటిలోను ఏదో ఒక రోజున వచ్చేదే.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న గుంటూరు జిల్లా వినుకొండ ప్రాంతములో జన్మించారు. ఆ ప్రాంతము ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్నది. అది మనకు తెలిసిన నేలయే. గుండ్లకమ్మ నది ఆ వైపునుండియే ఒంగోలు ప్రాంతమునకు పారుతుంది. 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ నదిలోనే. వారిలో అత్యధికులు ఊరి వెలుపల నివసించిన పేదలు. వారి పిల్లలకు మొదటిసారి పలక, బలపము అందినది ఆ తరువాతనే. ఆ మార్పు వచ్చిన పదునేడేండ్లకు జాషువ గారు పుట్టారు. బడి తలుపు తెరుచుకొన్నది గాని, బడిలో కూర్చున్నవారి మనసు ఇంకా తెరుచుకొనలేదు.

తండ్రి వీరయ్య గారు యాదవ కులస్థులు. తల్లి లింగమాంబ గారు మాదిగ కులములో పుట్టినవారు. ఇటువంటి వివాహము ఆ రోజులలో రెండు వైపులా కోపము పుట్టించేది. ఆ కోపమంతా పిల్లవాని మీద పడినది. బడిలో ఉపాధ్యాయులు చిన్నచూపు చూశారు, తోటి పిల్లలు కులము పేరెత్తి ఎగతాళి చేశారు. ఆయన తల వంచుకొని ఏడ్చే పిల్లవాడు కాదు. ఎగతాళి చేసినవానిని పట్టుకొని కొట్టేవాడు. దెబ్బకు దెబ్బ, మాటకు మాట. చిన్ననాట ఆయన ఎరిగిన జవాబు అది ఒక్కటే.

అయితే ఆ చేతికి కొట్టుట ఒక్కటే తెలియదు. బొమ్మలు గీసేవాడు. గొంతు మంచిది, పాటలు పాడేవాడు. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు ఆయన బాల్యస్నేహితుడు, తరువాతి కాలములో తానూ పేరు పొందిన కవి. ఇద్దరూ కలిసి జంటకవులుగా పద్యములు చెప్పాలని ఉబలాటపడ్డారు. ఒకరు బ్రాహ్మణుల ఇంటి బిడ్డ, ఒకరు అంటరానివారని ఊరు త్రోసివేసిన ఇంటి బిడ్డ. ఊరు విడదీసినవారిని పద్యము కలిపినది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు కాళిదాసు కావ్యములైన మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చెప్పారు. ఆ రోజులలో అటువంటి శిష్యునికి సంస్కృతము చెప్పుటకు గురువునకు కూడా ధైర్యము కావలసి ఉండెను. ద్వేషించినవారితోపాటు చేయి అందించినవారు కూడా అదే ఊరిలో, అదే అగ్రవర్ణములలో ఉన్నారని మన పిల్లలకు తప్పక చెప్పాలి.

ఇక వినుకొండ సభ సంగతి. అవధానము అంటే ఏమిటో ఎరుగని యౌవనుల కొరకు ఒక మాట. పలువురు పృచ్ఛకులు ఒకరి తరువాత ఒకరు సమస్యలు, ప్రశ్నలు ఇస్తూ ఉంటే, వాటన్నిటిని మనసులో నిలుపుకొని ఛందస్సు తప్పకుండా అప్పటికప్పుడు పద్యములలో జవాబు చెప్పే విద్య అవధానము. ఆ దినములలో అవధాన సభ అంటే ఊరంతటికీ పండుగ. అటువంటి ఒక సభలో యువకుడైన జాషువ తాను అల్లిన పద్యములు చదివాడు. పద్యములలో తప్పున్నదని ఎవరూ అనలేదు. తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చారని కొందరు లేచి అడిగారు. నలుగురి యెదుట ఆయన అవమానము పాలయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించుదాము. పద్యము బాగాలేదని అంటే కవి ఇంటికి వెళ్లి దిద్దుకొంటాడు. పుట్టుక బాగాలేదని అంటే ఏమి దిద్దుకొంటాడు? బడిలో వలె చేయి చేసికొనుటకు వీలులేదు. ఊరుకొంటే వారన్నదే నిజమైనట్లు. ఆ యువకుడు మూడవ దారి పట్టాడు. ఏ విద్య తమ సొత్తు అని వారు అనుకొన్నారో ఆ విద్యలోనే తానేమిటో చూపించదలచాడు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము, సీసము – పండితులు కొలిచే కొలమానము ఏదో దానితోనే తన్ను కొలిపించుకొనుటకు నిశ్చయించుకొన్నాడు.

నిశ్చయము సులభము, బ్రతుకు కష్టము. 1910లో మేరీ గారితో వివాహమైనది. అప్పటికి ఆయన వయస్సు పదునైదు. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతము మీద పని చేశాడు. ఆ పని కూడా పోయినది. 1915–16లో రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు వాచకుడుగా కుదిరాడు. తెర మీద బొమ్మలు కదులుతూ ఉంటే ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను బిగ్గరగా చెప్పుట ఆ పని. టిక్కెట్టు కొన్నవారు చీకటిలో ఆ కంఠమును మెచ్చుకొన్నారే గాని, ఆ కంఠము ఎవరిదని ఎవరు అడిగారు? తరువాత గుంటూరులో లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పది సంవత్సరములు పని చేశారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో పని చేశారు.

ఈ మధ్యలో కలము ఆగలేదు. 1919లో రుక్మిణీ కల్యాణము, 1922లో కుశలవోపాఖ్యానము, 1925లో ధ్రువవిజయము వెలువడినవి. పేర్లు చూడగానే ఒక సంగతి తెలుస్తుంది. అవన్నీ పురాణ కథలు. పండితుల పొలములోనే పండించి చూపాలనే పట్టుదల వాటిలో ఉన్నదని మేము తలుస్తున్నాము.

దాని ఫలితము విచిత్రముగా వచ్చినది. జాషువ అనే పేరు వినగానే పండిత సభలు ముఖము తిప్పుకొన్నవి. రుక్మిణి, కుశలవులు అనే పేర్లు వినగానే క్రైస్తవ మతాధికారులు ముఖము తిప్పుకొన్నారు. క్రైస్తవుడై ఉండి హిందూ మత కథలు వ్రాస్తున్నాడని ఆయనను సమాజమునుండి వెలివేశారు. ఒక గుడి అంటరానివాడని లోనికి రానివ్వలేదు. రెండవ మందిరము ఉన్నవానిని వెలుపలికి పంపినది. ఈ రెండవ భాగమును చెప్పకుండా దాటిపోతే మనము నిజమును దాచినవారమవుతాము. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి ఒక ఆసనము, మురికి బట్టల బీదవానికి ఒక చోటు చూపించే సంఘమును యాకోబు పత్రిక రెండవ అధ్యాయము గద్దించినది. ఆ గద్దింపు అన్ని కాలముల సంఘములకును చెల్లుతుంది.

పొగడ్తలో కూడా గాయమే దొరికేది. తన కవిత్వము విని ఆహా అని మెచ్చుకొన్నవారు, మీది ఏ కులమని అడిగి, జవాబు వినగానే చటుక్కున లేచిపోయే తీరును ఆయన ఒక పద్యములో చెప్పుకొన్నారు. ఆ పద్యము తెలుగువారికి కంఠస్థము. కత్తి దిగినంత బాధ అది. కాని ఆ బాధను కూడా ఛందస్సు చెడకుండా చెప్పుటలోనే ఆయన మొండితనము కనబడుతుంది. పేదరికము, కులభేదము – ఈ రెండే తనకు గురువులని ఆయన తరచు చెప్పేవారు. మొదటిది ఓర్పు నేర్పినది, రెండవది ఎదిరించే శక్తిని పెంచినది.

1932లో ఫిరదౌసి కావ్యము వచ్చినది. పారశీక కవి ఫిరదౌసి షానామా వ్రాస్తే పద్యమునకు ఒక బంగారు నాణెము ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చి, చివరకు వెండి నాణెములు పంపించాడని పరంపరగా వచ్చిన కథ. బంగారము బయలుదేరి చేరేసరికి కవి శవము ఊరు దాటుతున్నదట. ఎక్కడి పర్షియా, ఎక్కడి వినుకొండ! కాని మాట తప్పిన రాజు యెదుట నిలిచిన కవి అభిమానమును జాషువ గారు ఎంత దగ్గరగా ఎరుగుదురో ఆ కావ్యము చదివినవారికి తెలుస్తుంది. తన గాయమును తన పేరుతో గాక ఇంకొకరి పేరుతో చెప్పుట ఆయన నేర్చుకొన్నారు. 1934లో అనాథ వచ్చినది. చూపు తన మీదనుండి ఇతరుల మీదికి మళ్లినది.

1941లో గబ్బిలము వచ్చినది. కాళిదాసు మేఘసందేశములో శాపమువలన భార్యకు దూరమైన యక్షుడు మేఘముతో కబురు పంపుతాడు. ఆ పాఠము గురువు యొద్ద చదువుకొన్న శిష్యుడు దానిని తలక్రిందులు చేశాడు. ఇక్కడ కబురు పంపేవాడు యక్షుడు కాడు, ఆకలితో ఉన్న అంటరాని కూలి. కబురు ప్రియురాలికి కాదు, కాశీలోని శివునికి. కబురు తీసికొనిపోయేది మేఘము కాదు, అందరూ అశుభమని తరిమే గబ్బిలము. ఎందుకు గబ్బిలము? మనిషికి ప్రవేశము లేని గుడిలో గబ్బిలము యథేచ్ఛగా వ్రేలాడుతుంది గనుక. పూజారి లేని సమయము చూచి దేవుని చెవిలో చెప్పుమని ఆ కూలి దానిని బ్రతిమాలుకొంటాడు. ఇందులో ఎవరినీ తిట్టలేదు. జరుగుతున్నది జరిగినట్లు చూపారు. చదివినవారికి సిగ్గు దానంతట అదే కలిగినది.

వినుకొండ సభలో అవమానపడిన కుర్రవాడు తన్ను తాను నిరూపించుకొనుటకు బయలుదేరాడు. నలుబది ఆరేండ్ల వయస్సులో గబ్బిలము వ్రాసిన కవి నిరూపించినది తన్ను కాదు, తనవంటి లక్షలమంది మనుష్యులే అనే సంగతిని. ఈ తేడాను మన యౌవనులు గమనించాలని కోరుతున్నాము. నేనెవరినో చూడండి అని ఆరంభమైన పట్టుదల, వీరెవరో చూడండి అనే దానిగా మారినప్పుడే అది పెద్దదయినది.

తరువాత గౌరవములు వచ్చినవి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ వంటి బిరుదులు వచ్చినవి. వాటన్నిటికంటె పెద్దది ఒకటి ఉన్నది. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు ఆనాటి అవధానులకు, కవులకు గురుస్థానమున ఉన్న వృద్ధ బ్రాహ్మణ పండితులు. ఆయన వంగి స్వహస్తములతో జాషువ గారి కాలికి గండపెండేరము తొడిగారు. ఆ పాదమును తాకి తన జన్మను ధన్యము చేసికొన్నట్లు భావించారు. తాకితేనే మైల అని నమ్మిన సమాజములో ఆ పని అర్థము ఏమిటో మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఒకనాడు సభలోనికి రానివ్వలేదు. ఒకనాడు సభ ఆయన పాదముల యొద్దకు వచ్చినది.

1957 నుండి 1959 వరకు ఆయన మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా పని చేశారు. మదరాసులోని మన పాత కుటుంబములకు అది గుర్తుంచుకొనదగిన సంగతి. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. అదే సంవత్సరము ఆయన క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. క్రైస్తవ సమాజము వెలివేసిన కవి వ్రాసిన క్రీస్తు కథకు దేశము పట్టము కట్టినది. 1970లో పద్మభూషణ్ వచ్చినది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఈనాడు మనము ఆయనను మనవాడని గర్వముగా చెప్పుకొంటున్నాము. చెప్పుకొనేముందు ఒక నిజమును ఒప్పుకోవాలి. చివరి కాలములో ఆయన తన్ను ఏ మతపు గోడల లోపల చేర్చుకొనలేదు. తాను విశ్వనరుడనని అన్నారు. ఆ గోడలు ఎత్తుగా కట్టినవారిలో మనవారు కూడా ఉన్నారు గనుక ఆ మాటకు మనము నొచ్చుకొనరాదు, నేర్చుకోవాలి. ఆయన కుమార్తె హేమలతా లవణం గారు స్టువర్టుపురములో దొంగలని ముద్రపడిన కుటుంబముల మధ్యను, జోగినీ స్త్రీల మధ్యను పని చేసి 2008లో మరణించారు. తండ్రి పద్యములో చెప్పినదానిని కుమార్తె చేతులతో చేసినది.

మన పిల్లలు కూడా బడులలో మాటలు పడుతున్నారు. యాస చూచి, ఇంటిపేరు చూచి, పేట పేరు విని నవ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. అటువంటి దినమున పిల్లవాడు ముఖము ముడుచుకొని ఇంటికి వచ్చినప్పుడు, పోనీలే అని వానిని పంపివేయకండి. తిరిగి కొట్టుమనీ చెప్పకండి. ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ కథ చెప్పండి. మూడు రూపాయల జీతమును, చీకటి హాలులోని కంఠమును, కాలికి తొడిగిన గండపెండేరమును చెప్పండి. తరువాత వానికి ఏ విద్య మీద మనసున్నదో అడిగి, దానికి కావలసిన పుస్తకము కొనిపెట్టండి. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వలె చెప్పే గురువు దొరికితే ఆయన యొద్దకు పంపండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. కొత్తగా పాట కట్టిన కుర్రవానిని, కొత్త ప్రశ్న అడిగిన కుర్రవానిని వెలుపల నిలుపకండి. లోపలనే కూర్చుండబెట్టి మాటలాడండి.