పడవ నేర్పిన పాఠం: రాబర్ట్ గొడార్డ్ జీవితం

1899 అక్టోబర్ 19వ తేదీ. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పట్టణం. ఇంటి పెరట్లోని చెర్రీ చెట్టు ఎండుకొమ్మలు నరకడానికి పదిహేడేళ్ల పిల్లవాడొకడు పైకెక్కాడు. కొమ్మ మీది నుండి తూర్పు దిక్కున పొలాలను చూస్తూ ఉండగా, అంగారక గ్రహం దాకా ఎగిరిపోయే యంత్రమొకటి చేయగలిగితే ఎలా ఉంటుందన్న ఊహ అతని మనస్సులో మెరిసింది. చెట్టు దిగిన పిల్లవాడు ఎక్కిన పిల్లవాడు కాడు. ఆ తేదీని అతడు జీవితాంతం తన సొంత పండుగగా స్మరించుకున్నాడు. అతడే రాబర్ట్ గొడార్డ్.

గొడార్డ్ 1882 అక్టోబర్ 5న జన్మించారు. బాల్యం నుండి ఆరోగ్యం అంతంతమాత్రమే. జబ్బుల వలన తరగతులు వెనుకబడి, 1904లో గాని ఉన్నత పాఠశాల చదువు ముగియలేదు. మంచం పట్టిన రోజులలో పుస్తకాలే ఆయనకు తోడు.

1906 సెప్టెంబర్‌లో, ఇంకా కళాశాల విద్యార్థిగా ఉండగానే, ఆయన తన నోటు పుస్తకంలో ఒక విచిత్రమైన ఆలోచనను వ్రాసుకున్నారు. దానిని గ్రహించడానికి మన చెరువులోని పడవ చాలు. పడవలో నిలబడి ఒడ్డుకు దూకితే పడవ వెనుకకు జరుగుతుంది. ఎంత వేగంగా దూకితే అంత బలంగా జరుగుతుంది. రాకెట్టు కూడా అంతే. వెనుకకు ఎంత వేగంగా పదార్థాన్ని చిమ్మితే, ఉన్న కొద్దిపాటి ఇంధనంతోనే అంత వేగాన్ని అందుకుంటుంది. అయితే మండే ఇంధనానికి ఒక హద్దు ఉన్నది. నేటి మేలైన ఇంధనాలలో కూడా వాయువు సెకనుకు నాలుగున్నర కిలోమీటర్లకు మించి వెలువడడం కష్టం. మంటకు బదులు విద్యుత్తుతో, ఆవేశం గల సూక్ష్మ కణాలను నెట్టివేస్తే ఏమవుతుంది? ఇదే గొడార్డ్ వేసుకున్న ప్రశ్న. నేడు భౌతికశాస్త్ర పరిశోధనాలయాలలో కణాలను పరుగెత్తించే భారీ యంత్రాలకు ఆధారమైన సూత్రమూ ఇదే. అటువంటి యంత్రాల నిర్మాణం మొదలు కావడానికి రెండు దశాబ్దాల ముందే దానిని నౌకకు చోదకశక్తిగా ఊహించడం ఆయన ప్రతిభ.

1911లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. 1913లో క్షయవ్యాధి కబళించబోయింది. కొద్ది వారాలకు మించి బ్రతకడని వైద్యులు తేల్చారు. ఆయన మాత్రం మెల్లగా కోలుకొని, 1914లోనే ద్రవ ఇంధన రాకెట్టుకు, అంచెల రాకెట్టుకు పేటెంట్లు సంపాదించారు. 1916, 1917 సంవత్సరాలలో విద్యుత్ చోదనంపై క్లార్క్‌లో ప్రయోగాలు జరిపించారు. విద్యుదావేశంతో వాయుధారను వెలువరించే పద్ధతికి 1920లో పేటెంటు లభించింది.

ఆ సంవత్సరమే ఆయనకు పెద్ద అవమానమూ ఎదురైంది. రాకెట్టు చంద్రుని చేరగలదన్న ఆయన రచనను చూసి, న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1920 జనవరి 13న సంపాదకీయంలో ఎగతాళి చేసింది. గాలి లేని చోట రాకెట్టు దేనిని ఆసరాగా చేసుకొని ముందుకు పోతుందని ప్రశ్నించి, ఈ ప్రొఫెసరుకు పాఠశాల పిల్లలకు తెలిసిన భౌతికశాస్త్రం కూడా తెలియదన్నట్లు వ్రాసింది. పడవ సంగతి ఆ సంపాదకులకు తట్టలేదు. పడవను వెనుకకు నెట్టేది ఒడ్డున వీచే గాలి కాదు, దూకిన మనిషి కాళ్లే. గొడార్డ్ పెద్దగా వాదులాడలేదు. మనసు నొచ్చుకొని, మాట తగ్గించి, పని పెంచారు.

విద్యుత్ యంత్రపు తోపుడు బలం మిక్కిలి స్వల్పం. అది నౌకను నేల నుండి లేపలేదు. గాలి లేని అంతరిక్షంలోనే దానికి విలువ. కనుక ముందు అక్కడికి చేర్చే వాహనం కావాలి. 1926 మార్చి 16న ఆబర్న్ గ్రామంలో, బంధువుల పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే ప్రపంచపు మొదటి రాకెట్టును ఆయన ఎగురవేశారు. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు లేచి, 184 అడుగుల దూరంలో పడింది. మన ఊరి తాటిచెట్టు తల దాటిందో లేదో! 1930 నుండి న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ ఎడారి ప్రాంతంలో ప్రయోగాలను కొనసాగించారు. భార్య ఎస్తర్ ప్రయోగాలను చిత్రీకరిస్తూ అడుగడుగునా అండగా నిలిచారు. గొంతు క్యాన్సరుతో 1945 ఆగస్టు 10న ఆయన కన్నుమూశారు. మానవుడు అంతరిక్షంలోకి పంపిన ఒక్క ఉపగ్రహాన్నైనా చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఫలాలు తరువాత వచ్చాయి. 1959లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన కేంద్రానికి ఆయన పేరు పెట్టింది. 1964 జులైలో సెర్ట్-1 నౌకపై విద్యుత్ కణ చోదక యంత్రం అంతరిక్షంలో తొలిసారి 31 నిమిషాలు పనిచేసింది. 1969లో చంద్రుని వైపు అపోలో-11 బయలుదేరిన మరునాడు, జులై 17న, న్యూయార్క్ టైమ్స్ తన పాత పొరపాటును దిద్దుకొని విచారం తెలిపింది. 2007లో బయలుదేరిన డాన్ నౌక, విద్యుత్తు నెట్టిన జీనాన్ కణాల బలంతోనే 2011లో వెస్టాను, 2015లో సెరెస్‌ను చేరి రెండింటి చుట్టూ తిరిగింది. దాని యంత్రపు తోపుడు అరచేతిలోని ఒక కాగితం బరువంత. కాని సంవత్సరాల తరబడి ఆగక నెట్టడం వలన మహావేగం సమకూరింది. తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సు ఒడ్డున, శ్రీహరికోట నుండి 2017 మే 5న ఎగిరిన జీశాట్-9 ఉపగ్రహంలోనూ విద్యుత్ చోదక యంత్రాలు అమర్చారు.

నోటు పుస్తకంలో ఒక యువకుడు వ్రాసుకున్న ఊహ ఆకాశంలో నిలవడానికి 58 సంవత్సరాలు పట్టింది. నాటినవాడు నీడకు నోచుకోలేదు. అయినా మొక్క నాటడం మానలేదు. కాగితం బరువంత బలం కూడా ఆగకుండా పనిచేస్తే ఎంత దూరం తీసుకుపోగలదో, గొడార్డ్ యంత్రం చెప్పకముందే ఆయన జీవితం చెప్పింది.